కరువు తాత దగ్గు

మా ఇంట్లో రికార్డింగ్‌కు కావలసినవి ఇవి: ఒక మైకు, ఒక లాప్‌టాప్, అమ్మ పెట్టెలోని బొంతలన్నీ, కరెంటు కోత.

కరెంటు కోత లేకపోతే మిగతావి ఉండి లాభం లేదు. తాడిపత్రిలో మా వీధి దాటగానే బండల ఫ్యాక్టరీలు మొదలవుతాయి. కరెంటు ఉన్నంతసేపు రంపాలు కోస్తూనే ఉంటాయి. ఆ కూత మా చెవులకు అలవాటైపోయి వినపడదు గానీ మైకుకు వినపడుతుంది. అందుకే మధ్యాహ్నం కరెంటు పోగానే కిటికీలకు బొంతలు కట్టి, వీధిలోకి వచ్చి, ఎదురింటి మామను కేకేసేవాణ్ని. ఫ్యాను ఉండదు. గాలి ఆడదు. లాప్‌టాప్ బ్యాటరీ అయిపోయేలోపల ఆయన చెప్పాలి, నేను పట్టుకోవాలి.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. చేసేది బొమ్మలను కదిలించే పని. ఒక టీవీ చానల్‌లో ఆదివారం వచ్చే కామెడీ ప్రోగ్రాంలో, రెండు స్కిట్ల మధ్య, స్టేజీ మీద సామాన్లు మార్చేంతసేపు ఒక చిన్న కార్టూన్ వేస్తారు. దాన్ని రాసేది, గీసేది, కదిలించేది నేనే. మా ఇంటి వెనకగదిలో కూర్చుని చేసి హైదరాబాదుకు పంపిస్తాను. ఇంజనీరింగ్ చదివి బొమ్మలు గీసుకుంటున్నాడని మా నాయన చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు.

కార్టూన్ పేరు కరువు తాత. ప్రతిసారీ ఒకటే వరస. ఎండిన శనక్కాయ చేను. దుమ్ము లేపుకుంటూ కార్లు వస్తాయి. కరువును చూడటానికి వచ్చిన అధికారుల బృందం దిగుతుంది. వాళ్లలో ఒకాయన తాతను ఒక ప్రశ్న అడుగుతాడు. తాత జవాబు చెప్తాడు. కార్లు పోతాయి.

"ఈ ఊర్లో ప్రధాన పంట ఏది?"

"బృందాలు సార్. వాన ల్యాకున్నా ఏటా మొలుస్తాయి."

మొదట తాతకు నేనే గొంతు ఇచ్చి పంపాను. ప్రొడ్యూసర్ ఫోన్ చేసి, "బ్రదర్, బొమ్మ రైతు, గొంతు కాలేజీ వైవా. ఇట్లా కుదరదు. అసలైన మనిషిని పట్టుకో" అన్నాడు. అసలైన మనిషి మా ఎదురింట్లోనే ఉన్నాడు.

వరసకు మామ అనేవాణ్ని, చుట్టరికం ఏమీ లేదు. ఆయన సొంతూరు కణేకల్ అవతల, కాలువ అందని వైపు. వయసులో ఉండగా చెక్కభజన గురువు. గుడుల ముందు పది పదిహేను మందిని వలయంలో తిప్పి ఆడించినవాడు. చేను కలిసిరాక తాడిపత్రి వచ్చి బండల ఫ్యాక్టరీలో చేరాడు. చేతిమిషన్‌తో బండల అంచులు కోసే పని. అందులోనే చాలా ఏళ్లు గడిచాయి. నేను పిలిచేనాటికి ఆయన పని మానేసి కొన్ని నెలలైంది. ఆయాసం. ఇంట్లోనే ఉండేవాడు.

మొదటి రికార్డింగ్ నాకు బాగా గుర్తుంది. అధికారి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయని అడుగుతాడు. నేను రాసిన జవాబు ఇంకేదో ఉండింది. మామ కాగితం పక్కన పెట్టి మైకు వైపు చూసి, "లోతు యాడ సార్..." అని మొదలుపెట్టాడు. అంతలో దగ్గు వచ్చింది. దగ్గుతూ ఉండిపోయాడు. తర్వాత గొంతు సవరించుకోకుండానే, "మీ కారు డోరులోనే ఉండాయి కదా, బాటిల్లు" అని ముగించాడు.

నేను నవ్వి, "ఇంకొకసారి చెప్పు మామా. దగ్గు ల్యాకుండా" అన్నాను.

"యాల? బాగలేదా?"

"జవాబు బాగుండాది. దగ్గు తీసేస్తా."

"తీసెయ్యొద్దప్పా. తాతకు దగ్గు ల్యాకుంటే వాడేం తాత? కాలేజీ పిల్లోని లెక్క ఉంటాడు. ఉండనీ."

నేను రెండు రకాలూ పంపాను. ప్రొడ్యూసర్ దగ్గు ఉన్నదాన్నే తీసుకున్నాడు. "ఆ దగ్గు బంగారం బ్రదర్. జవాబుకు ముందు ఆ ఆగడం ఉంది చూడు, అక్కడే సగం నవ్వొచ్చేస్తుంది. ఇకమీద ప్రతి ఎపిసోడ్‌లో ఉండాలి."

ఆయన చెప్పింది నిజమే. అధికారి ప్రశ్న అడిగి వాచీ చూసుకుంటూ నిలబడతాడు. తాత దగ్గుతుంటాడు. బృందమంతా ఆ దగ్గు అయ్యేవరకు ఎండలో నిలబడాలి. పెద్ద పెద్ద వాళ్లను ఒక ముసలాడు దగ్గుతో నిలబెట్టాడన్న సంతోషం చూసేవాళ్లకు.

కొన్ని వారాల్లోనే దగ్గు తాత కంటే పెద్దదైంది. పిల్లలు బడిలో దగ్గడం మొదలుపెట్టారు. మామ టీ హోటల్ ముందు కనపడితే చాలు, "కరువు తాతా, ఒకటి ఇసురు" అనేవాళ్లు. ఆయన ఇసిరేవాడు. చెక్కభజన గురువులకు ఒక కట్టుబాటు ఉందట. అడిగిన నోటికి ఒక్క చరణమైనా ఇవ్వాలి, ఆకలితో ఉన్నా, జ్వరంతో ఉన్నా. లేదని చెప్తే విద్య పోతుందని వాళ్ల గురువు చెప్పి ఆడించాడట. మామ దాన్ని దగ్గుకు కూడా వర్తింపజేశాడు.

అత్తకు ఇది నచ్చేది కాదు. "ఇంట్లో దగ్గితే కసాయం ఇస్తా. ఆడ దగ్గితే టీ ఇస్తారు. అందుకే నీకు హోటలోళ్లే ముద్దు" అనేది.

"నీ కసాయానికి చప్పట్లు కొడతారా ఎవురన్నా?"

"కొడతా ఉండు, చెంప మీద."

దగ్గు గీయడం నాకు మొదట్లో చేతకాలేదు. నోటి ఆకారాలకు నా దగ్గర ఒక పట్టిక ఉంది. అ ఒక ఆకారం, ఇ ఒకటి, ప-బ-మ లకు పెదాలు మూసినది ఒకటి, ఇట్లా. దగ్గుకు పట్టికలో ఏమీ లేదు. నోరు తెరిచి, తల ముందుకు తోసి గీశాను. చూస్తే తుమ్ములా ఉంది. అందుకని మామ దగ్గుతుండగా ఫోన్‌లో వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి, ఒక్కొక్క బొమ్మగా ఆపి చూశాను.

అప్పుడు కనపడింది. దగ్గు నోట్లో లేదు. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. మెడ కింద గుంత లోపలికి పోతోంది. చెయ్యి నోటి దగ్గరికి రావడం లేదు, మంచం పట్టెను పట్టుకుంటోంది. ఒక దగ్గుకూ ఇంకో దగ్గుకూ మధ్య మామూలు మనిషి గట్టిగా గాలి పీలుస్తాడు. ఆయన పీల్చడానికి నోరు తెరుస్తున్నాడు గానీ ఛాతీ పెద్దది కావడం లేదు. గాలి లోపలికి పోవడం లేదు. నేను ఆ వీడియోను చాలాసార్లు వెనక్కీ ముందుకూ తిప్పాను. తర్వాత కనపడింది కనపడినట్టే గీశాను. ఆ వారం ప్రొడ్యూసర్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

మామకు చూపిస్తే చాలాసేపు చూశాడు. "బాగా పట్టినావు అల్లుడూ. నేను ఇట్ల అయిపోయినానా?" అన్నాడు.

మరుసటి వారం ఆయనను ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అంతకు ముందే టీబీ అని చెప్పి మందులు మొత్తం మింగించారు. దగ్గు పోలేదు. ఈ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి, "ఏం పని చేసేవాడివి?" అని అడిగాడు. చెప్పగానే, "ఇది టీబీ కాదు, రాతి దుమ్ము" అన్నాడు. నయం కాదని కూడా చెప్పాడు. పెద్దాసుపత్రిలో ఊపిరి పరీక్ష చేయించుకుని, అక్కడి డాక్టర్ల బృందం ముందు కూర్చుంటే, దుమ్ము జబ్బని కాగితం ఇస్తారని, దాని మీద సాయం వస్తుందని చెప్పాడు.

ఆ కాగితం మామ మనసును పట్టుకుంది. సాయం కోసం కాదు. వీధిలో అందరూ ఆయన జబ్బు బీడీ వల్ల వచ్చిందనేవాళ్లు. ఫ్యాక్టరీ మేస్త్రీ మొదలుపెట్టిన మాట అది. దగ్గేవాళ్లందరూ బీడీ తాగేవాళ్లేనని ఆయన లెక్క. మామ బతుకులో బీడీ ముట్టలేదు. భజన గొంతు చెడిపోతుందని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

"దుడ్లు వస్తే వచ్చె, ల్యాకుంటే ల్యా" అన్నాడు నాతో. "బండ దుమ్ము అని ఆ కాగితంలో పడాల. నేను సచ్చినంక గూడా ఈ నాకొడుకులు బీడీ అంటాంటే నేను యాడుండి ఇనేది?"

దుమ్ము లోపలికి ఎట్లా పోయిందో ఆయనే చెప్పాడు. చేతిమిషన్‌తో కోసేటప్పుడు పక్కన ఒకడు నీళ్లు పోస్తూ ఉండాలి. పోస్తే దుమ్ము బురదై కిందికి కారుతుంది. ఊళ్లో బోర్లు ఎండిపోయిన ఏడాది, ఫ్యాక్టరీ ట్యాంకర్లతో నీళ్లు కొన్నది. కొన్న నీళ్లు పెద్ద పాలిష్ మిషన్లకు పోయాయి. నీళ్లు లేకుండా నడిపితే వాటి బ్లేడు కాలిపోతుంది. చేతిమిషన్ల వాళ్లను పొడిగానే కోయమన్నారు. వాన పడిన తర్వాత కూడా ఆ పద్ధతి మారలేదు, నీళ్లు పోసే కూలి మిగిలింది కదా. "పిండిగిర్నీలోంచి వచ్చినోళ్ల లెక్క తెల్లగా ఇంటికి వస్తాంటిమి. మీ అత్త వాకిట్లోనే చీపురుతో కొట్టి లోపలికి రానిస్తాండె."

పరీక్షకు పోయిన రోజు ఆయన భజనకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. పెద్దాసుపత్రికి బస్సులో పోవాలి. ఊపిరి పరీక్ష గది ముందు బెంచీల మీద చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చింది. పరీక్ష చేసే అబ్బాయి నా వయసువాడే. ఊరు, వయసు, పని రాసుకుంటున్నాడు. మామ జవాబులు చెప్తుంటే పెన్ను ఆపి తలెత్తాడు.

"నువ్వు... కరువు తాత గొంతు కదా?"

మామ నవ్వాడు. దాచుకోవడం ఆయనకు తెలియదు.

"అయ్యో, మా ఇంట్లో అందరం చూస్తాం! తాతా, ఒక్కటి చెప్పవా? ఒక్కటే."

"ముందు పరీక్ష కానియ్యండి" అన్నాను నేను.

"ఉండు అల్లుడూ. అడిగినాడు కదా" అన్నాడు మామ.

ఆయన లేచి నిలబడ్డాడు. ప్రధాన పంట చెప్పాడు. తలుపు దగ్గరికి నర్సులు వచ్చారు. బెంచీల మీది రోగులు వచ్చారు. ఇంకొకటి అన్నారు. కారు డోరు చెప్పాడు. దగ్గు మధ్యలో వచ్చింది, ఆయన దాన్ని వాడుకున్నాడు, అందరూ విరగబడి నవ్వారు. రోజూ ఆ గదిలో నవ్వు ఉండదనుకుంటాను. ఒక ముసలామె ఆయన గడ్డం పట్టుకుని, "శానా దినాలైంది నాయనా నవ్వి" అంది.

తర్వాత ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో పెట్టి, నిండా పీల్చి ఒక్కసారిగా బలంగా ఊదమన్నారు, ఆపమనేవరకు ఆపకుండా. మామ పీల్చాడు. ఊదబోయేసరికి దగ్గు ముంచుకొచ్చింది. గొట్టం జారిపోయింది.

ఆ అబ్బాయి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "తాతా, చాలు. ఇప్పుడు నిజంగా ఊదు."

రెండోసారీ అంతే. మూడోసారి సగంలో ఆగిపోయింది.

"యాక్టింగ్ వద్దు తాతా. నీ వెనక క్యూ ఉంది."

"యాక్టింగ్ కాదప్పా ఇది" అన్నాడు మామ. ఆ మాట కూడా కరువు తాత గొంతుతోనే వచ్చింది. ఆయనకు ఉన్నది ఆ గొంతే. తలుపు దగ్గర మళ్లీ నవ్వారు.

రిపోర్టులో పడింది: ప్రయత్నం సరిపోలేదు.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఇంటికి వచ్చి ఆ మిషన్ గురించి దొరికిందంతా చదివాను. మనిషి ఎంత గాలిని ఎంత వేగంగా బయటికి తోశాడో అది కొలుస్తుంది. ఊదలేనివాడికీ ఊదనివాడికీ గీత దాదాపు ఒకేలా వస్తుంది. ఎవరు ఏమిటన్నది ఎదురుగా నిలబడిన మనిషి చూసి రాయాలి. ఆ రోజు ఎదురుగా నిలబడిన మనిషి చూసింది ఒక నటుణ్ని.

డాక్టర్ల బృందం ముందు ఇంకా కష్టమైంది. ఫ్యాక్టరీ తరఫున ఒక ఉత్తరం ముందే చేరి ఉంది. ఈ వ్యక్తి టీవీలో దగ్గు కళాకారుడిగా పనిచేస్తున్నాడు, దగ్గు చూసి నిర్ణయం తీసుకోవద్దు అని దాని సారాంశం. పెద్ద డాక్టరు దాన్ని చదివి, రిపోర్టు చూసి, "ఎక్స్‌రేలో ఉన్నవి పాత టీబీ మచ్చలు కూడా కావచ్చు. బీడీ తాగుతావా?" అన్నాడు.

"తాగను సార్."

"అందరూ అదే చెప్తారు. కొన్ని నెలలు ఆగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి. ఈసారి సరిగ్గా ఊదు."

తిరుగు బస్సులో మామ కిటికీ పక్కన కూర్చున్నాడు. పెన్న వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు, కింద ఇసుక చూస్తూ అన్నాడు: "బాగా యాక్టింగ్ చేసినావని నన్ను ఇంత పెద్ద సదువుకున్నోళ్లు ఎప్పుడూ అనలేదు అల్లుడూ. అదీ సెయ్యనప్పుడు అనిరి."

వారం తర్వాత ఆయనే ఒక ఎపిసోడ్ చెప్పాడు. కరువు బృందం ఈసారి ఊపిరి కొలిచే మిషన్ తెస్తుంది. తాత ఊదుతాడు. దగ్గు వస్తుంది. అధికారి, "నటించొద్దు" అంటాడు. తాత గొట్టం తీసి అధికారి చేతిలో పెట్టి, "అయితే నువ్వు రొంతసేపు మా ఫ్యాక్టరీలో ఊపిరి పీల్చి రా సార్, నేను ఈడనే ఉంటా" అంటాడు. కార్లు ఈసారి పోవు. అధికారి నిజంగానే ఫ్యాక్టరీ వైపు నడుస్తాడు, దుమ్ములో కలిసిపోతాడు, బృందం ఆయన కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. మేము చేసిన వాటిలో అదే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను. రికార్డ్ చేశాం. నేను గీశాను. దుమ్ము గీయడానికే ఎక్కువ రోజులు పట్టింది.

ప్రొడ్యూసర్ చూసి ఫోన్ చేశాడు. "దగ్గు అద్భుతం. కానీ ఫ్యాక్టరీ ఎందుకు బ్రదర్? మనది కరువు."

"ఇది కూడా కరువే సార్. నీళ్లు లేక పొడిగా కోశారు."

"నాకు అర్థమైంది. చూసేవాడికి అర్థం కాదు. ఇంకో మాట చెప్తా, నీలోనే ఉంచుకో. మన బ్రేకులో మొదట పడే యాడ్ దేనిది?"

గుర్తు తెచ్చుకున్నాను. ఇంటి నేలకు వేసే మెరిసే బండలు. ఒక పాప వాటి మీద జారుతూ నవ్వుతుంది.

"కరువు మీద ఎంతైనా జోకులెయ్యి" అన్నాడు ప్రొడ్యూసర్. "కరువుకు యాడ్స్ లేవు."

మామకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. "అట్లయితే నేను ఇంక తాతను కాదప్పా" అన్నాడు. "రెండో పరీక్ష అయ్యేదాంక నా నోట్లోంచి తాత రాకూడదు. నువ్వు ఇంకొకన్ని చూసుకో. నీ పని చెడగొట్టుకోవద్దు."

హైదరాబాదులో ఒక మిమిక్రీ కళాకారుణ్ని వాళ్లే పెట్టుకున్నారు. యాస కొంచెం తేడా, గొంతు మాత్రం అచ్చు మామదే. దగ్గు కూడా. ఆ మొదటి ఆదివారం మామ ఇంట్లోనే చూశాం. అత్త టీవీ ఆపెయ్యమంది, ఆయన ఆపనియ్యలేదు. చెవి పెట్టి విన్నాడు. దగ్గుకూ దగ్గుకూ మధ్య ఆ కుర్రవాడు గట్టిగా, నిండుగా గాలి పీల్చుకుంటున్నాడు.

"వానికి గాలి ఎంత ఉండాదో చూడు" అన్నాడు మామ. ఎదుటివాడి పొలంలో నీళ్లు పారుతుంటే చూసే గొంతు అది. ఆ బొమ్మను ఇప్పటికీ నేనే కదిలిస్తున్నాను. జీతం అందులోంచే వస్తుంది. దగ్గు ఎవరిదైనా, భుజాలు మాత్రం మామవే గీస్తాను.

కష్టమైంది టీవీకి దగ్గడం మానడం కాదు, అడిగినవాళ్లకు లేదనడం. హోటల్ ముందు ఎవరన్నా, "తాతా, ఒకటి" అంటే మామ చేతులు జోడించి పక్కకు తిరిగేవాడు. మొదట నవ్వారు. తర్వాత, "టీవీవోడైనంక తలబిరుసు వచ్చెనప్పా" అన్నారు. "బీడీ మానినోనికి గూడా ఇంత పొగరుండదు" అన్నాడు మేస్త్రీ, వినపడేలా. ఆ రోజు నుంచి మామ హోటల్‌కు పోవడం మానేశాడు. విద్య పోతుందని గురువు చెప్పిన మాట ఆయన మర్చిపోలేదు. "పోతే పోనీలే, ఊపిరే పోతాంటే" అనేవాడు, నవ్వకుండా.

రెండో పరీక్ష రోజుకు ఆయన బస్సు దిగి ఆసుపత్రి గేటు దాకా కూడా నడవలేకపోయాడు. చక్రాల కుర్చీ వద్దన్నాడు. గోడ పట్టుకుని నిలబడి, తర్వాత తానే కూర్చున్నాడు. పరీక్ష గదిలో అదే అబ్బాయి.

"తాతా! మానేశావంట కదా? ఇప్పుడు చెప్పేవాడు బాగాలేడు. మా కోసం ఒక్కటి చెప్పు."

మామ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. ఆయన ఎవరికైనా లేదనడం నేను అంత దగ్గరగా చూడలేదు. కళ్లు దించుకున్నాడు, తప్పు చేసినవాడిలా.

గొట్టం పెట్టారు. మొదటిసారి కాలేదు. రెండోసారి కాలేదు. మధ్యలో ఆగి ఆక్సిజన్ పెట్టారు. ఆ అబ్బాయి ఈసారి క్యూ గురించి మాట్లాడలేదు. స్టూలు లాక్కుని మామ ఎదురుగా కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "నెమ్మదిగా. నేను చెప్పినప్పుడే" అన్నాడు. మళ్లీ ఊదాడు. ఊదగలిగినంతా ఊదాడు. భుజాలు లేచాయి, మెడ కింద గుంత పడింది, కుర్చీ చెయ్యి పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

నేను తెర వైపు చూశాను. గీతలు చదవడం నా చదువులో భాగం. ఆరోగ్యంగా ఉన్న మనిషి గీత నిట్టనిలువుగా లేచి, మెల్లగా వాలుతూ దిగుతుంది. మామ గీత లేవడానికి ప్రయత్నించి కూర్చుండిపోయింది. తర్వాతి రెండు గీతలు దాని మీదే సరిగ్గా పడ్డాయి. నటించేవాడికి మూడుసార్లు ఒకే గీత రాదు. ఆ అబ్బాయికి కూడా అది తెలుసు. చాలాసేపు తెర చూసి, మామ వైపు తిరిగాడు.

"ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నారా అన్నా?" అన్నాడు. తాతా అనలేదు.

మామ గాలి కూడదీసుకుని ఒక్క మాట అడిగాడు. "పాసా?"

ఆ అబ్బాయి నా వైపు చూశాడు.

"పాసే అన్నా" అన్నాడు.

మామ ముఖం విప్పారింది. పరీక్ష ఫలితం గోడ మీద చూసుకున్న పిల్లవాడిలా నా వీపు మీద కొట్టబోయాడు, చెయ్యి లేవలేదు.

కాగితం తర్వాత వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. మంచం పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించాను. పని చేసిన చోట పీల్చిన రాతి దుమ్ము వల్ల వచ్చిన జబ్బు, తీవ్రమైన దశ.

"బీడీ ల్యా కదా, యాడా?"

"యాడా ల్యా మామా."

"మళ్లొకసారి సదువు."

మళ్లీ చదివాను. అత్త గడపలో కూర్చుని వింటోంది. "తీవ్రమైన దశ అంటే?" అంది. మామ నన్ను ఆమెకు జవాబు చెప్పనియ్యలేదు. "బండ దుమ్ము అని పడె" అన్నాడు. "అది చాలు."

వార్త వీధి దాటింది. ఇంటికి మనుషులు రావడం మొదలైంది. మొదట క్షమాపణలు చెప్పడానికి వచ్చారనుకున్నాను. వచ్చినవాళ్లు మామతో పాటు చేతిమిషన్ పట్టినవాళ్లు. ఒక్కొక్కరే వచ్చి, కాసేపు వాన గురించి మాట్లాడి, లేవబోతూ అడిగేవాళ్లు: "ఆ పరీక్ష యాడ సేస్తారన్నా?" వాళ్లందరికీ దగ్గు ఉంది. అన్నాళ్లూ బీడీ వల్ల అని వాళ్లూ నమ్మారు.

మామ మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, మళ్లీ గురువయ్యాడు. ఎట్లా పీల్చాలి, గొట్టం చుట్టూ పెదాలు ఎట్లా బిగించాలి, ఆపమనేవరకు ఎట్లా పట్టుకోవాలి. వాళ్లు చుట్టూ కూర్చుని ఖాళీ పిడికిళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదేవాళ్లు.

"ఆడ ఒక పిల్లోడుంటాడు. మంచోడే. కానీ వాన్ని నవ్వించొద్దండి. నవ్వినాడంటే మీరు ఫెయిల్" అనేవాడు.

వాళ్లలో చిన్నవాడు ఒకడు, పెళ్లై రెండేళ్లయినవాడు, పిడికిలి ఎత్తలేదు.

"మామా, నేను పాసైతే ఫ్యాక్టరీలో ఉండనిస్తారా?"

ఎత్తిన పిడికిళ్లు ఒక్కొక్కటిగా కిందికి దిగాయి.

"ఉండనియ్యరు కదా. నాకు ఫెయిలయ్యేది నేర్పు."

మామ కొద్దిసేపు గాలి తీసుకున్నాడు. "అది సులభమప్పా" అన్నాడు. "పోయి ఆ పిల్లోన్ని నవ్వించు."

వాళ్లు నవ్వారు, ఆ చిన్నవాడు కూడా. మామ నవ్వలేదు.

వాళ్లు పరీక్షకు పోయిన రోజు దారి తెలిసినవాణ్ని కాబట్టి నేనూ వెంట పోయాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి మామ మేలుకునే ఉన్నాడు.

"నవ్వినారా ఎవురన్నా?"

"ల్యా మామా. బాగనే ఊదినారు."

"ఆ చిన్నోడు?"

"రాలేదు. డ్యూటీకి పోయినాడంట."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని లేవబోయాను.

"వాన్ని రేపు పిలుచుకొని రా. నేను మాట్లాడతా."

"మాట్లాడేదానికి ఊపిరి యాడుండాది నీకు?" అంది అత్త వంటింట్లోంచి. "మూడు మాటలకే మంచం పట్టుకుంటాండావు."

"అల్లుడు మాట్లాడతాడులే. నేను కూసుంటా."

మరుసటి రోజు ఆ చిన్నవాడు డ్యూటీ దిగి, తలా ముఖమూ తెల్లగా ఉండగానే వచ్చాడు. లోపలికి రాకుండా గడప బయట కూర్చున్నాడు. అత్త చెంబుతో నీళ్లిచ్చింది, కడుక్కోమని. మామను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. ఆయన వాడి వైపు చూశాడు, నా వైపు చూశాడు, చెప్పమన్నట్టు తల ఊపాడు. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. ఆయన ఛాతీ లేచి దిగడం చూస్తూ, పొడిగా కోయమన్న ఏడాది నుంచి మెల్లగా మొదలుపెట్టాను.